బోర్డు మీద ‘త్రత్తొరీయ’ అని రాయించే ముందు

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పాస్తా, పిజ్జా పెట్టే చిన్న హోటల్ తెరుస్తూ పేరులో ఈ ఇటాలియన్ మాట పెట్టాలనుకుంటే, ముందు మీ వంటగదికి ఆ పేరు సరిపోతుందో లేదో చూసుకోండి.

త్రత్తొరీయ అంటే దాదాపు మన మెస్. ఇంటిల్లిపాదీ కలిసి నడిపే, ఆ ఊరి వంటే వండే, మామూలు ధరల భోజనశాల. తెల్లగుడ్డలు పరిచి, హంగుగా వడ్డించేది రిస్తొరాంతె. ఒస్తెరీయ ఒకప్పుడు ముఖ్యంగా వైన్ పోసే చోటు. ఇవాళ ఇటలీలోనే ఈ తేడాలు చాలావరకు చెరిగిపోయాయి. అయినా ఏసీ హాలు, అరవై ఐటెమ్‌ల మెనూ పెట్టుకుని త్రత్తొరీయ అనడం నప్పదు. పది పన్నెండు వంటకాలు చాలు. ఏ రోజు స్పెషల్ ఆ రోజు పలక మీద సుద్దతో రాయండి.

మాట పుట్టుక తెలిస్తే కస్టమర్ అడిగినప్పుడు చెప్పొచ్చు. ‘లాగడం’ అనే అర్థమున్న లాటిన్ ధాతువు త్రాహెరె. దాని నుంచి త్రక్తారె, అంటే చేతబట్టి నిర్వహించడం. అదే ఫ్రెంచిలో త్రెతే అయింది. వండి అమ్మేవాడు త్రెతర్. ఇప్పుడు అక్కడ క్యాటరింగ్ చేసేవాళ్లను అలాగే అంటారు. ఇటాలియన్లు దాన్ని త్రత్తోరె చేసుకున్నారు, అతని కొట్టు త్రత్తొరీయ. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్‌ది కూడా ఆ లాటిన్ ధాతువే. ఇటాలియన్‌లో ట్రాక్టర్ పేరు కూడా త్రత్తోరెనే!

ఎక్కువ తప్పులు జరిగేది రాతలోనే. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి ‘ట్రాటోరియా’ అని రాస్తారు. ఇటాలియన్ ‘త’ నాలుక పళ్లకు తగిలి పలుకుతుంది, అచ్చం మన ‘త’లాగే. ఇంగ్లిష్‌కు లేని ఈ సౌకర్యం తెలుగు లిపికి ఉంది, వాడుకోండి. మధ్యలో తకు త ఒత్తు తప్పనిసరి, ఒత్తి పలకాలి. ‘తొ’ పొట్టిది, ‘రీ’ దీర్ఘం, ఊనిక దాని మీదే. చివరి ‘య’కు దీర్ఘం వద్దు. ఇంగ్లిష్‌లో కూడా రాయిస్తే మొత్తం తొమ్మిది అక్షరాలు, అందులో ‘టీ’లు మూడు. ఒకటి ఎగిరిపోకుండా చూసుకోండి.

ఈ మాటకు కింద రెండు ఒత్తులు వేలాడతాయి: మొదటి తకు ర, రెండో తకు త. అక్షరం ఎత్తులో సగమైనా కింద ఖాళీ వదలమని డిజైనర్‌కు చెప్పండి. లేదంటే ఫ్లెక్సీని ఫ్రేముకు బిగించేటప్పుడు ఒత్తులు మడతలోకి పోయి ‘తతొరీయ’ మిగులుతుంది. ప్రింట్‌కు ఇచ్చేముందు ప్రూఫ్ మీద మడత గీత గీయించి చూడండి.