పాత కిటికీ బాగుచేయించాలా, మార్చేయాలా? రెక్క చూసి కాదు, అడుగు చెక్క చూసి తేల్చండి

ఒక రెక్క బిగుసుకుపోతుంది. ఇంకోటి గాలికి టపటపా కొట్టుకుంటుంది. ఓ మూల రంగు పొలుసులుగా లేస్తుంది. అంతే, "పాతబడిపోయాయి, అన్నీ పీకించేసి కొత్తవి పెట్టించేద్దాం" అనేస్తారు. ఏళ్ల తరబడి కిటికీలు విప్పుతూ బిగిస్తూ వచ్చినవాణ్ణి, నాకు ఇది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఒక్క పూట పనితో ఇంకో ఇరవై ఏళ్లు నిలబడే కిటికీని పీకి పారేస్తారు. ఎప్పుడో మార్చాల్సినదానికేమో లప్పం పూసి, రంగు కొట్టి, రెండు వానాకాలాలు గడిచాక తల పట్టుకుంటారు. రెండు తప్పులకూ మూలం ఒకటే, రెక్కను చూసి నిర్ణయించడం. రెక్కదేముంది, విప్పి బిగించుకునేదే. గోడలో కూర్చున్న ఫ్రేమ్ ఎలా ఉంది, అందులోనూ అడుగు చెక్క ఎలా ఉంది అన్నదే అసలు ప్రశ్న.

సన్న మొన ఉన్న స్క్రూడ్రైవర్, టేపు, టార్చి, పెన్సిలు, ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. కిటికీకి ఒక పేజీ కేటాయించండి. ఇల్లంతటికీ కలిపి ఒకే తీర్పు చెప్పకండి. వాన ఎక్కువగా కొట్టే వైపు కిటికీ చీకిపోయినా, ఎదురు గోడకున్న కిటికీ గట్టిగా ఉండొచ్చు.

మొదట తేలిక పనులు

రెక్కలు తెరిచి మూయండి. మడతబందులు కదులుతున్నాయా, గడియ పడుతోందా చూడండి. స్క్రూలు వదులైతే పొడుగువి వేస్తే సరిపోతుంది. సన్న కాగితం ముక్కను సందులో పెట్టి రెక్క మూసి లాగండి. తేలిగ్గా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టీ కావాలని రాసుకోండి. కొత్త కిటికీ అక్కర్లేదు.

తర్వాత ఫ్రేమ్‌ను మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండు కొలతలకీ నాలుగైదు మిల్లీమీటర్ల తేడా ఉంటే రెక్కను చిత్రిక పట్టి సర్దేయొచ్చు. 10 మిల్లీమీటర్లు దాటితే మాత్రం ఆగండి. అక్కడ పక్కకు జరిగింది ఫ్రేమ్ కాకపోవచ్చు, గోడ కావచ్చు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు పాకి ఉంటే ముందు గోడ సంగతి తెలిసినవాళ్లకు చూపించండి. కదులుతున్న గోడలో ఏ కిటికీ పెట్టినా మళ్లీ బిగుసుకుంటుంది.

అసలు పరీక్ష: మొన గుచ్చి చూడడం

ఇక్కడ తొందరపడొద్దు. నేను చూసిన తప్పుడు నిర్ణయాల్లో చాలావరకు ఈ పది నిమిషాల పని సరిగ్గా చేయనివే.

రంగును నమ్మకండి. మందంగా వేసిన రంగు లోపల చెక్క గుల్లయినా పైకి నున్నగానే ఉంటుంది. ఒక ఇంట్లో కొత్తగా రంగు వేసిన కిటికీ చూసి "ఇది బాగానే ఉంది, దీన్ని వదిలేయండి" అన్నారు. అడుగు మూలలో మొన ఆనిస్తే రంగు పొర చిల్లిపడి స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోయింది. లోపల సిమెంటు ముద్ద తగిలింది. చీకిన చోట ఎవరో సిమెంటు కూరి రంగు కొట్టేశారు. ఆ సిమెంటుకూ చెక్కకూ మధ్య సందులో నీళ్లు నిలిచి, చుట్టూ ఉన్న మంచి చెక్కను కూడా తినేశాయి. చెక్కలో సిమెంటు కూరడమంత చెడ్డ పని ఇంకోటి లేదు.

ఎక్కడ గుచ్చాలి? అడుగు చెక్క నిలువు చెక్కలతో కలిసే రెండు మూలల్లో మొదలుపెట్టండి. అక్కడే ఒక చెక్క కొసన చెక్కిన నాలుక (కుసి) రెండో చెక్క బెజ్జంలో కూర్చుంటుంది. అడ్డంగా కోసిన చెక్క చివర నీటిని గబగబా పీలుస్తుంది, అందుకే చీకు ఎక్కువగా ఆ మూలల్లోనే మొదలవుతుంది. తర్వాత అడుగు చెక్క బయటి అంచు, ఆ తర్వాత రెక్కల కింది చెక్క.

ఎలా గుచ్చాలి? పోటు పొడిచినట్టు కాదు. మెత్తటి జాతి చెక్క అయితే బాగున్నా సొట్ట పడుతుంది, దాన్ని చూసి చాలామంది బెదిరిపోతారు. మొనను చారలకు అడ్డంగా, ఏటవాలుగా ఆనించి కొద్దిగా దింపి పైకి ఎత్తండి. మంచి చెక్క అయితే చిటపటమంటూ పొడుగాటి పేడు లేస్తుంది. పేడు ఒక కొస చెక్కను పట్టుకునే ఉంటుంది. చీకిన చెక్క అయితే చప్పుడే రాదు. పొట్టి ముక్క మొన మీదే విరిగి, బిస్కెట్టు తునకలా ఊడి వస్తుంది. ఈ తేడా ఒకసారి చేతికి తెలిస్తే ఇక మరిచిపోరు. ముందు పై చెక్క మీద ఓ మూల చేసి చూడండి, బాగున్న చెక్క ఎలా పలుకుతుందో తెలుస్తుంది.

వాన వెలిసిన మర్నాడే చూడకండి. తడిసిన చెక్క మెత్తగా ఉంటుంది, దాన్ని చీకు అనుకుంటారు. మూడు నాలుగు పొడి రోజులు పోనివ్వండి. చెక్కను తినే బూజుకు తేమ కావాలి. చెక్కలో తేమ 20 శాతం లోపే ఉంటే అది పెరగలేదు. అలాగే నల్లబడిన ప్రతి చెక్కా చీకినట్టు కాదు. ఇనప మేకు చుట్టూ తడి తగిలి కొన్ని జాతుల చెక్క నల్లగా మారుతుంది. పేడు లేపి చూస్తే లోపల గట్టిగానే ఉంటుంది.

చెడ్డ చోటు దొరికాక అక్కడితో ఆపేయకండి. అదెంత దూరం పాకిందన్నదే నిర్ణయాన్ని మారుస్తుంది. రెండేసి వేళ్ల దూరంలో పైకీ పక్కకూ గుచ్చుకుంటూ వెళ్లండి. వరసగా మూడు చోట్ల మంచి పేడు లేస్తే అక్కడ పెన్సిలుతో గీత గీయండి. ఆ గీత కింద ఎంత పొడుగుందో కొలిచి రాసుకోండి. ఇక ఎవరూ ఇష్టపడని పని ఒకటుంది. అడుగు మూల దగ్గర రెండు అంగుళాల మేర గోడ పూత గీకి, ఫ్రేమ్ గోడకు ఆనుకున్న వైపు కూడా గుచ్చండి. గోడ పాడవుతుందని మానేస్తారు. కానీ తడి ఎక్కువ నిలిచేదీ, గాలి ఆడనిదీ ఆ వైపే.

గుచ్చినప్పుడు మట్టి రాలినా, గోడ మీద సన్నటి మట్టి దారులు కనిపించినా అది చెద. ముందు చెద మందు కొట్టించాకే మిగతా ఆలోచన. అది చేయకుండా కొత్త చెక్క పెడితే చెదకు కొత్త మేత వేసినట్టే.

రంగు గీకేటప్పుడు ఒక జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఆ దుమ్ము పిల్లలకు మరీ ప్రమాదం. ఉప్పు కాగితంతో పొడిగా రుద్దొద్దు, మంట పెట్టి కాల్చొద్దు. తడిపి గీకండి, రాలినదంతా తడిగుడ్డతో ఎత్తేయండి.

నీళ్లు ఎటునుంచి వస్తున్నాయి?

చీకు దొరికిందంటే నీటికి దారి దొరికిందన్నమాట. ఆ దారి మూయకుండా బాగుచేసినా, మార్చినా డబ్బు దండగే. ఒకరు బయటి నుంచి గొట్టంతో మెల్లగా నీళ్లు వదలాలి, ఇంకొకరు లోపల టార్చి పట్టుకుని చూడాలి. కింది నుంచి మొదలుపెట్టండి. అడుగు చెక్క మీద పది నిమిషాలు, తర్వాత పక్కలు, తర్వాత పైన. పైనుంచి మొదలుపెడితే అంతా తడిసి ఎక్కడ కారుతోందో తెలియదు. పై గోడ తడిపినప్పుడే లోపల చెమ్మ కనిపిస్తే తప్పు కిటికీది కాదు, పైనున్న పగులుది. అడుగు చెక్కకు బయటికి వాలు ఉందా, కింద నీటిబొట్టు తెగిపడే గాడి ఉందా అన్నదీ చూడండి. గాడి రంగుతో పూడిపోయి ఉంటే గీకేయండి.

చెక్క కానివాటికి ఇంత తతంగం లేదు. అల్యూమినియం, ప్లాస్టిక్ స్లైడింగ్ కిటికీలు బిగుసుకుంటే చక్రాలు, గాడి, అంచు పట్టీలు చూడండి, అవి విడిగా మార్చుకోవచ్చు. కింది గాడిలో నీళ్లు పోయే సన్న రంధ్రాలను సిలికాన్‌తో మూసేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. రెండు పొరల అద్దం మధ్య మసక పట్టిందంటే అంచు సీలు పోయిందని అర్థం. తుడిస్తే పోదు, కానీ ఫ్రేమ్ బాగుంటే అద్దం ఒక్కటీ మారిస్తే చాలు. ఇనప ఫ్రేమ్ తుప్పు పడితే ఉబ్బి గోడ పూతను పగలగొడుతుంది. పైపైన తుప్పయితే గీకి రంగు వేయండి. పొరలు పొరలుగా ఊడుతుంటే మార్చండి.

ఇక నిర్ణయం

నోటుపుస్తకం తెరవండి. చీకు ఒక్క మూలలో, నిలువు చెక్క ఎత్తులో మూడో వంతు లోపే ఉంటే బాగుచేయించండి. రెండు అడుగు మూలలూ గుల్లయి, గోడ వైపు కూడా చీకి ఉంటే ఆ కిటికీ మార్చండి. మధ్యస్థంగా ఉంటే వడ్రంగి చెప్పిన ఖర్చును కొత్తదాని ఖర్చుతో పోల్చండి. సగం దాటితే మార్చడమే నయం. కాకపోతే కొత్తదాని లెక్కలో పాతది తీయడం, గోడ పూత, రంగు, గ్రిల్లు అన్నీ కలిపారా అని అడగండి. మొదటి కొటేషన్‌లో అవి తరచుగా ఉండవు.

"వేడి తగ్గాలి" అన్నదొక్కటే కారణమైతే ముందు సందులు మూయించి చూడండి. రెండు పొరల అద్దం ఒంటి అద్దం గుండా పోయే వేడిని ఇంచుమించు సగానికి తగ్గిస్తుంది, నిజమే. కానీ సందుల్లోంచి గాలి దూరుతుంటే ఆ అద్దం మీద పెట్టిన డబ్బు చాలావరకు వృథా.

బాగుచేయించేటప్పుడు చీకిన భాగాన్ని పెన్సిలు గీత దాటి మంచి చెక్క వచ్చేదాకా కోయించండి. అదే జాతి చెక్క ముక్కను, చారలు ఒకే దిక్కున ఉండేలా, నీళ్లు నిలవకుండా వాలుగా కోసి అతికించాలి. ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) నింపడం చిన్న గుంటలకే, అదీ పూర్తిగా ఎండిన చెక్కలోనే.

మార్చేటప్పుడు, పాత ఫ్రేమ్ లోపలే కొత్తది దూర్చేస్తాం, గోడ ముట్టుకోం అంటే పాత ఫ్రేమ్ గట్టిగా ఉన్నప్పుడే ఒప్పుకోండి. చీకిన చట్రంలో కొత్త కిటికీ నిలవదు. పైగా కొత్త ఫ్రేమ్ నాలుగు వైపులా చోటు తినేసి వెలుతురు తగ్గుతుంది. మొత్తం తీసి పెట్టిస్తుంటే, గోడ పూత వేయకముందే మళ్లీ ఆ గొట్టం తెచ్చి కింది నుంచి పైకి నీళ్లు వదిలి చూడండి. చెమ్మ కనిపిస్తే అప్పుడే విప్పించి సరిచేయించండి. పూత వేశాక మీ మాట ఎవరూ వినరు.