ఈఈజీకి తల మీద ఎలక్ట్రోడ్లు ఎలా పెట్టాలి?

ఈఈజీ అంటే తల మీద పెట్టే చిన్న లోహపు బిళ్లలతో (ఎలక్ట్రోడ్లతో) మెదడులోని విద్యుత్ అలల్ని నమోదు చేసే పరీక్ష. దీనికి వచ్చేవాళ్లను ముందు రోజే షాంపూతో తలస్నానం చేసి, నూనె రాయకుండా రమ్మని చెప్పండి. ఈ మాట చెప్పకపోతే పాపకు నిండా నూనె పెట్టి, బిగించి రెండు జడలేసి తీసుకొస్తారు. జిడ్డు మీద ఎలక్ట్రోడ్లు అంటించే పేస్టు పట్టదు.

తర్వాత కొలిచే టేపు తీసుకోండి. హెర్బర్ట్ జాస్పర్ 1958లో ప్రచురించిన 10-20 పద్ధతినే ఇవాళ్టికీ వాడుతున్నాం. అందరి తలలూ ఒకే సైజులో ఉండవు కాబట్టి ఇందులో లెక్కంతా శాతాల్లోనే.

రెండు కళ్ల మధ్య ముక్కు మొదలయ్యే గుంట నుంచి, నడినెత్తి మీదుగా, తల వెనక చేతికి తగిలే ఎముక బొడిపె దాకా కొలవండి. 36 సెం.మీ. వచ్చిందనుకుందాం. గుంటకు 10 శాతం పైన, అంటే 3.6 సెం.మీ. దగ్గర, నుదుటి మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. అక్కడి నుంచి 20 శాతం, అంటే 7.2 సెం.మీ. చొప్పున వెనక్కి ఎఫ్‌జెడ్, సీజెడ్, పీజెడ్, ఓజెడ్ అనే గుర్తులు. చివర బొడిపెకు మళ్లీ 3.6 మిగలాలి. మిగల్లేదంటే టేపు జారినట్టే, మళ్లీ కొలవండి.

ఇప్పుడు ఒక చెవి ముందున్న గుంట నుంచి సీజెడ్ మీదుగా రెండో చెవి దాకా. ఎడమవైపు 10 శాతానికి టీ3, ఇంకో 20 శాతానికి సీ3. కుడివైపు టీ4, సీ4. బేసి అంకెలు ఎప్పుడూ ఎడమకే.

నుదుటి గుర్తు, టీ3, ఓజెడ్, టీ4 కలుపుతూ తల చుట్టూ టేపు తిప్పండి. నుదుటి గుర్తుకు ఎడమవైపు, ఆ చుట్టుకొలతలో 5 శాతానికి ఎఫ్‌పీ1, ఆపైన 10 శాతానికొకటి ఎఫ్7, టీ3, టీ5, ఓ1. కుడివైపూ ఇంతే. ఎఫ్‌జెడ్, ఎఫ్7లకు సరిగ్గా మధ్యలో ఎఫ్3. పీజెడ్, టీ5ల మధ్య పీ3.

ఇంత కొలవాలా, కంటి అంచనా చాలదా అంటే, చాలదు. డాక్టరు ఎడమ అలల్ని కుడి అలలతో పోల్చి చూస్తారు. ఒకవైపు రెండు ఎలక్ట్రోడ్లు దగ్గరకు జరిగితే అక్కడ అలలు చిన్నవిగా వస్తాయి. ఏ జబ్బూ లేని మనిషికి ఆ పక్క మెదడులో ఏదో ఉందన్న అనుమానం పుడుతుంది. ఆ ఇంట్లో వాళ్ల టెన్షన్ తలుచుకుంటే అర సెంటీమీటరు కూడా వదలబుద్ధి కాదు.

గుర్తు దగ్గర దువ్వెన కొనతో పాయ తీసి, చర్మాన్ని జెల్‌తో మెల్లగా రుద్ది, పేస్టు నింపిన ఎలక్ట్రోడ్‌ను నొక్కండి. తల మీద 19, చెవి తమ్మెలకు చెరొకటి, విడిగా ఒక గ్రౌండు. పిల్లలు భయపడితే ఇవి షాక్ కొట్టవని ముందే చెప్పి, ఒకటి వాళ్ల చేతికిచ్చి చూడనివ్వండి.

రికార్డింగ్‌కు ముందు ఇంపెడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య విద్యుత్‌కు ఉండే అడ్డంకి) 5 కిలోఓమ్‌ల లోపు ఉందో లేదో చూడండి. ఎక్కడైనా ఎక్కువ చూపిస్తే ఆ ఒక్కటి తీసి, మళ్లీ రుద్ది పెట్టండి.