గ్లాస్గో ఇసుకరాయి గోడ: సందుల్లో సిమెంటు తీసి సున్నం పెట్టడం ఎలా

స్కాట్లండ్‌లోని గ్లాస్గో నడిబొడ్డున విక్టోరియా కాలపు వ్యాపార భవనాలు చాలావరకు ఒకే తీరు. కింద పోత ఇనుప స్తంభాల మీద గాజు దుకాణాలు, పైన చెక్కిన ఇసుకరాయితో మూడు నాలుగు అంతస్తులు. యూనియన్ స్ట్రీట్‌లో వాస్తుశిల్పి అలెగ్జాండర్ థామ్సన్ కట్టిన ఈజిప్షియన్ హాల్స్ 1870ల మొదట్లోవే. ఇలాంటి గోడ నుంచి రాయి పొడిగా రాలుతోందంటే అందరూ రాయిని అనుమానిస్తారు. ముందు చూడాల్సింది రాళ్ల మధ్య సందులు. అక్కడ బూడిదరంగు సిమెంటు కనిపిస్తే సగం జవాబు దొరికినట్టే.

ఈ గోడలు సాధారణంగా 600 మి.మీ. దరిదాపు మందం ఉంటాయి. బయటి వరస మాత్రమే చక్కగా చెక్కిన రాయి, వెనక అంతా సున్నం మాల్‌లో పేర్చిన చెక్కని రాళ్లు. గోడ వాన నీటిని కొంత పీల్చుకుంటుంది, తర్వాత సందుల్లోని మెత్తటి సున్నం గుండా ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీరు రాయి ముఖం నుంచే బయటికి రావాల్సి వస్తుంది. దానితో వచ్చిన ఉప్పులు రాయి పైపొర కింద గడ్డకట్టి ఆ పొరను ఎత్తేస్తాయి, మంచు మిగతా పని చేస్తుంది. కొన్నేళ్లకు రాయి లోపలికి అరిగి, సిమెంటు గీతలు పక్కటెముకల్లా బయటికి పొడుచుకొస్తాయి. సందు ఎప్పుడూ రాయి కన్నా మెత్తగా ఉండాలి. అరిగితే సందు అరగాలి, దాన్ని మళ్లీ నింపుకోవచ్చు.

సందులు ముట్టుకునే ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోండి. జోరు వానలో ఎదుటి పేవ్‌మెంట్ మీద నిలబడి చూడటం అన్నిటికన్నా మంచి పరీక్ష. వాన నీరు దిగే పోత ఇనుప పైపు వెంట పచ్చని నాచు చార ఉంటే పైపు వెనకవైపు పగిలిందని అర్థం. పగులు ఎక్కువగా గోడవైపే ఉంటుంది, ఎందుకంటే రంగు వేసేవాడి కుంచె అక్కడికి చేరదు. పిట్టగోడ వెనక కాలువలో చెత్త పేరుకుందా, కార్నిస్ (గోడ పైన బయటికి పొడుచుకొచ్చే రాతి అంచు) మీది సీసపు రేకు చిరిగిందా, షాపు బోర్డు పైఅంచున నీరు నిలుస్తోందా చూడండి. ఇవి బాగుచేయకుండా సందులు నింపితే డబ్బు వానలో పోసినట్టే. రాళ్ల మూలలు వరసగా, దాదాపు ఒకే దూరంలో చిట్లి ఉంటే లోపల రాళ్లను పట్టి ఉంచే పాత ఇనుప కొక్కేలు తుప్పు పట్టి ఉబ్బుతున్నాయి. దానికి సున్నం మందు కాదు, ఇనుము తీసి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టాలి.

అనుమతి సంగతి ముందే తేల్చుకోండి. స్కాట్లండ్‌లో రక్షిత భవనాలకు ఎ, బి, సి అని మూడు తరగతులు. భవనం రూపం మారే పనికి స్థానిక కౌన్సిల్ సమ్మతి లేకపోతే అది నేరం. ఉన్నది ఉన్నట్టు బాగుచేయడానికి చాలాసార్లు సమ్మతి అక్కర్లేదు, అయినా ఆ మాట కౌన్సిల్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక సిమెంటు తీయడం. వెడల్పు సందుల్లో మధ్యగీత వెంట చిన్న రంధ్రాలు వరసగా వేసి, సన్నటి ఉలితో ముక్కలు ముక్కలుగా రాల్చాలి. ఉలి రాయి అంచు మీద కాక సందు మధ్యలోకి తిరిగి ఉండాలి. సందు వెడల్పుకు రెండింతల లోతు, కనీసం 25 మి.మీ. వరకు తీయండి. 3, 4 మి.మీ. సన్న సందుల్లోకి గ్రైండర్ పెట్టకండి. ఒక్క జారు చాలు, రాయి అంచు శాశ్వతంగా పోతుంది. అక్కడ హాక్సా బ్లేడు వాడాలి. సిమెంటు రాయికి గట్టిగా అతుక్కుని, తీస్తే అంచులూ ఊడి వచ్చేలా ఉంటే అలాగే వదిలేయండి. అన్నీ తీయాలన్న పంతం సిమెంటు కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

మాల్‌కు నీటితో గట్టిపడే సహజ సున్నం తీసుకోండి, సంచి మీద ఎన్‌హెచ్‌ఎల్ అని, పక్కన గట్టిదనం చెప్పే అంకె ఉంటుంది. మామూలు గోడకు ఎన్‌హెచ్‌ఎల్ 3.5 సరిపోతుంది, వాన తగలని మెత్తటి రాయికి 2. సున్నం ఒక పాలు, గరుకు ఇసుక రెండున్నర పాళ్లు. ఇసుక తడిగా ఉంటే ఉబ్బి, డబ్బాలో తక్కువ పడుతుంది. అప్పుడు సున్నం ఎక్కువై సందు బీటలు వేస్తుంది. కలిపేటప్పుడు మొదట పొడిగా కనిపిస్తుందని నీళ్లు పోయకండి. పది నిమిషాలు కలిపితే దానంతట అదే వెన్నలా అవుతుంది. మన పాత మిద్దెలకు సున్నాన్ని గానుగలో అంతసేపు తిప్పడంలోనూ ఇదే కిటుకు ఉంది. సన్న సందులకు మాత్రం ఇంత గరుకు ఇసుక పట్టదు, మెత్తటి ఇసుక కలిపిన తడి సున్నం కావాలి.

సందు దుమ్ము దులిపి, ముందుగా తడపండి. నీరు నిలవకూడదు, రాయి దాహం తీరితే చాలు. మాల్‌ను సన్న తాపీతో లోపలి నుంచి పొరలుగా కూరాలి. రాయి అంచులు గుండ్రంగా అరిగి ఉంటే మాల్‌ను వాటి మీదికి పూయకుండా కాస్త లోపలే ఆపండి. పైకి పూసిన పలుచటి అంచు ఒక్క చలికాలంలో రాలిపోతుంది. బొటనవేలు నొక్కితే గుర్తు పడనంత గట్టిపడ్డాక గట్టి కుంచెతో చిన్నగా కొట్టండి. పైన తేలిన సున్నపు పొర పోయి ఇసుక కనిపిస్తుంది, సందు కుదించుకుని అతుక్కుంటుంది.

తడి గోనె పట్టా కప్పి, వారం పాటు రోజూ నీళ్లు చిలకరించాలి. గాలికి త్వరగా ఆరితే పొడి అవుతుంది, వాన కొడితే తెల్ల చారలు కారతాయి. 5 డిగ్రీల కింద పని పెట్టకండి. స్కాట్లండ్‌లో అంటే దాదాపు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకే.

రాయి మార్చాల్సి వస్తే ముందు అది ఏ రాయో తెలియాలి. పాత లేత పసుపు రాయి గిఫ్నాక్, బిషప్‌బ్రిగ్స్ లాంటి దగ్గరి గనులది, ఆ గనులు మూతపడ్డాయి. 1890ల నుంచి రైల్లో వచ్చిన ఎర్రరాయి ఎక్కువగా డంఫ్రీస్, ఎయిర్‌షైర్ ప్రాంతాలది. రంగు కలిస్తే చాలదు, నీరు పీల్చే తీరు కూడా కలవాలి. అందుకే ముక్కను బ్రిటిష్ జియలాజికల్ సర్వేకు పంపి సరిపోల్చుకుంటారు. కొత్త ముక్క కనీసం 100 మి.మీ. లోతు ఉండాలి. రాతి పొరలు గనిలో పడుకున్నట్టే అడ్డంగా ఉండాలి. పొరలు గోడకు సమాంతరంగా నిలబెడితే రాయి పుస్తకంలో పేజీల్లా విడిపోతుంది. బయటికి పొడుచుకొచ్చే కార్నిస్ లాంటివి మినహాయింపు, వాటిలో పొరలు నిలువుగా, గోడ ముఖానికి లంబంగా ఉండాలి.