జక్కూరు నుంచి మైసూరుకు భోజనానికి: చిన్న విమానంలో వెళ్ళిరావడం ఎలా

బెంగళూరులో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాక నగరానికి ఉత్తరాన ఉన్న చిన్న ఎయిర్‌ఫీల్డ్ జక్కూరు చుట్టుపక్కలే ఓ గంట తిరిగి దిగిపోవడం అలవాటైపోతుంది, ఎక్కడికైనా వెళ్దామంటే కాగితాల పని గుర్తొచ్చి టెన్షన్. మొదటిసారి సరదాగా ఇంకో ఊరికి వెళ్ళాలంటే నా ఓటు మైసూరుకే. మందకళ్ళి ఎయిర్‌పోర్ట్ ఊరికి దక్షిణాన, నంజనగూడు రోడ్డు మీద శివార్లలో ఉంది. నేరుగా సుమారు 75 నాటికల్ మైళ్ళు, నాలుగు సీట్ల సెస్నా 172లో ముప్పావు గంట, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) చుట్టు తిప్పితే ఇంకాస్త.

ప్లాన్ మాత్రం వెనక నుంచి మొదలుపెట్టండి. మైసూరులో తిరిగి ఎన్నింటికి లేవాలో ముందు తేల్చుకుని, అక్కణ్ణుంచి లెక్కేసుకుంటూ భోజనం టైముకూ, ఇక్కడ బయల్దేరే టైముకూ రావాలి. పొద్దున వెళ్ళేటప్పుడు గాలి చల్లగా ఉంటుంది, మనమూ హుషారుగా ఉంటాం. కష్టమంతా తిరుగు ప్రయాణంలోనే ఉంది: ఎండ, కుదుపులు, పెరిగే మబ్బులు, నిండిన కడుపు, దగ్గరపడే సూర్యాస్తమయం. మన దేశంలో వీఎఫ్ఆర్‌లో, అంటే బయటికి కళ్ళతో చూస్తూ నడిపే పద్ధతిలో, ఊరు దాటి వెళ్ళే విమానానికి సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాలే గడువు, దాన్ని చివరిదాకా వాడుకునేలా ప్లాన్ చేయకండి.

నా లెక్క ఇది. జనవరి నుంచి మార్చి దాకా అయితే పొద్దున పొగమంచు పూర్తిగా విడిపోయాక తొమ్మిదిన్నరకో పదికో లేచి, పదకొండుకల్లా దిగి, పన్నెండున్నరకు తినేసి, ఎండ తగ్గాక నాలుగుకు మైసూరు వదలండి. ఐదుకల్లా జక్కూరులో ఉంటారు, వెలుతురు ఇంకా గంటకు పైగా మిగిలి ఉంటుంది. ఏప్రిల్, మేలలో ఈ లెక్క పనికిరాదు. మధ్యాహ్నం దాటాక ఉరుములతో వచ్చే వానలు సరిగ్గా మనం తిరిగొచ్చే టైముకే లేస్తాయి, అందుకని ఆ రెండు నెలలూ భోజనం మానేసి పొద్దున్నే టిఫిన్‌కు వెళ్ళొచ్చేయండి, మసాలా దోశ ఎలాగూ పొద్దునే బాగుంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కిందికి దిగిన మబ్బులూ పడమటి ఈదురుగాలీ ఉంటాయి, కొత్తవాళ్ళు ఆ నెలలు వదిలేయడమే మంచిది.

ముందురోజే మైసూరు ఎయిర్‌పోర్ట్‌కు ఫోన్ చేయండి. టవర్ ఏ టైము నుంచి ఏ టైము దాకా పనిచేస్తుంది, పార్కింగ్‌లో చోటుందా, మనతో వచ్చేవాళ్ళ పేర్లు ఎవరికి ఇవ్వాలి, లోపలికి బయటికి ఏ గేటు, ఇవన్నీ అడిగి రాసుకోండి, అందరి గుర్తింపు కార్డులూ దగ్గర పెట్టుకోండి. నోటమ్‌లు, అంటే పైలట్ల కోసం ఇచ్చే తాజా నోటీసులు, చూడండి. ఫ్లైట్ ప్లాన్ ఫైల్ చేశాక రెండు నంబర్లు చేతికి రావాలి, ఒకటి ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్‌ది (గగనతల రక్షణ చూసేవాళ్ళ అనుమతి), రెండోది చెన్నై ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్‌ది. తిరుగు ప్రయాణానికి మళ్ళీ వేరే ప్లాన్, వేరే నంబర్లు. భోజనం చేసి వచ్చాక మొదలుపెడదాం అనుకుంటే నాలుగు కాస్తా ఐదవుతుంది, కాబట్టి ఆ ప్లాన్ కూడా ముందే ఫైల్ చేసి పెట్టుకోండి.

ఇక బరువు సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. జక్కూరు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంది, పైగా రన్‌వే చిన్నది. 33 డిగ్రీల ఎండలో అక్కడి డెన్సిటీ ఆల్టిట్యూడ్ దాదాపు 6,000 అడుగులు, అంటే ఇంజనూ రెక్కలూ ఆ ఎత్తులో ఉన్నట్టే పనిచేస్తాయి, టేకాఫ్‌కు ఎక్కువ దూరం పడుతుంది, ఎక్కడం నెమ్మదిస్తుంది. నాలుగు సీట్లు ఉన్నాయి కదా అని ట్యాంకులు నింపి నలుగురూ ఎక్కితే కుదరదు. 172ఎస్ మోడల్‌లో వాడుకోగలిగిన ఇంధనం 200 లీటర్లు, అదే 144 కిలోలు, దాని మీద 75 కిలోల చొప్పున నలుగురంటే 300, రెండూ కలిపితే మామూలుగా ఆ విమానం మోయగలిగినదానికంటే ఎక్కువ. నెల్లూరు నుంచి వచ్చిన బావగారిని, పిన్నిని, బాబాయిని ఒకేసారి ఎక్కించాలని ఉన్నా ఇద్దరినే తీసుకెళ్ళండి, మిగిలినవాళ్ళు వచ్చే వారం. ఇంధనం కూడా రానూపోనూ సరిపడా ఇక్కడే పోసుకోండి, మైసూరులో అవ్‌గ్యాస్ (ఈ విమానానికి పోసే పెట్రోలు) దొరుకుతుందన్న ధీమాతో వెళ్ళకండి. రూల్ ప్రకారం పగటి వీఎఫ్ఆర్‌కు 30 నిమిషాలకు సరిపడే అదనపు ఇంధనం, అంటే రిజర్వ్, చాలు, నేనైతే గంటకు తక్కువ ఒప్పుకోను. ఎక్కినవాళ్ళ దగ్గర డబ్బులు తీసుకునే ఆలోచనే వద్దు, ఈ లైసెన్స్‌తో అది కుదరదు.

దారి కనుక్కోవడం తేలిక. మొదటి పది నిమిషాలే కష్టం, ఎందుకంటే పక్కనే యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్, ఉత్తరాన కెంపేగౌడ, ఆగ్నేయాన హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్ట్‌లు. ఏటీసీ చెప్పిన ఎత్తు, చెప్పిన దిక్కు వదలకండి, అర్థం కాకపోతే మళ్ళీ అడగండి, యలహంక దగ్గర ఫోన్ కెమెరాలు లోపల పెట్టించండి. అది దాటాక నైరుతికి తిరిగి, ఏటీసీ వేరే ఏమీ చెప్పకపోతే ఫ్లైట్ లెవల్ 65 (సుమారు 6,500 అడుగులు), తిరిగొచ్చేటప్పుడు 55 లేదా 75. కుడిపక్క సావనదుర్గ కొండ సముద్రమట్టానికి దాదాపు 4,000 అడుగులు, తర్వాత రామనగర బండలు, ఆపైన ఎక్స్‌ప్రెస్‌వే, రైలు పట్టాలు పట్టుకుని చన్నపట్నం, మద్దూరు, మండ్య. శ్రీరంగపట్నం దగ్గర కావేరి రెండుగా చీలి ఊరిని చుట్టేసి మళ్ళీ కలవడం పైనుంచి చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది, ఎంత బాగున్నా అక్కడ కిందికి మాత్రం దిగకండి, పక్కనే రంగనతిట్టు, ఆకాశం నిండా కొంగలు. ఎయిర్‌పోర్ట్‌కు ఉత్తరాన చాముండి కొండ సుమారు 3,500 అడుగులు ఉంటుంది, సర్క్యూట్‌లోకి, అంటే దిగే ముందు రన్‌వే చుట్టూ తిరిగే దారిలోకి, వచ్చేటప్పుడు అది ఎక్కడుందో కళ్ళతో చూసి నిర్ధారించుకోండి.

టాక్సీ ముందే మాట్లాడుకుంటే ఊళ్ళోకి అరగంట. మటన్ పలావు బాగుంటుంది, కానీ పైలట్ సగం ప్లేటుతో ఆపాలి, నాలుగింటికి నిద్ర ముంచుకొచ్చేది పైలట్‌కే. పెరుగన్నం తిని, నీళ్ళు బాగా తాగండి. బీరు ఒక్క గుక్క కూడా వద్దు, మందుకూ విమానానికీ మధ్య 12 గంటలు ఉండాలని రూల్. మైసూరుపాక్ పార్సిల్ కట్టించుకోండి, దాని బరువు కూడా లెక్కలో వేయండి.

మూడింటికి మళ్ళీ వాతావరణం చూడండి. బెంగళూరు వైపు మబ్బులు నల్లగా లేస్తున్నా, విజిబిలిటీ ఐదు కిలోమీటర్లకు దగ్గర పడుతున్నా లేవకండి. ఇందుకే విమానాన్ని కట్టేసే తాళ్ళు, చక్రాలకు అడ్డంపెట్టే చాక్‌లు, పిటో కవర్ (వేగం కొలిచే గొట్టానికి తొడుగు) ఎప్పుడూ వెంట ఉండాలి. ఎయిర్‌పోర్ట్ వాళ్ళకు చెప్పి విమానాన్ని అక్కడే కట్టేసి, తిరుగు ప్లాన్ క్యాన్సిల్ చేయించి, రైలెక్కి ఇంటికి రండి. మైసూరు నుంచి బెంగళూరుకు సాయంత్రం రైళ్ళూ బస్సులూ బోలెడు, మర్నాడు పొద్దున్నే వెళ్ళి తెచ్చుకోవచ్చు.