డిమాండ్, సప్లయి పాఠం: ఫోన్లలో నిమ్మకాయల మార్కెట్ నడిపించడం ఎలా?

డిగ్రీ మొదటి ఏడాది ఎకనమిక్స్‌లో డిమాండ్, సప్లయి రేఖలు బోర్డు మీద గీస్తే పిల్లలు నోట్సులోకి దించుకుంటారు. ధర సరిగ్గా ఆ రెండూ కలిసే చోటే ఎందుకు నిలుస్తుందని అడిగితే చాలామంది నోరు విప్పరు. అందుకే ముందు వాళ్లచేత బేరం ఆడించి, గీతలు తర్వాత గీయండి. నెల్లూరు జిల్లా పిల్లలకు పొదలకూరు నిమ్మ మార్కెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు కాబట్టి సరుకుగా నిమ్మకాయలనే తీసుకుందాం. కావలసింది గూగుల్ ఫామ్, గూగుల్ షీట్, ఒక ప్రొజెక్టర్. రెండు పీరియడ్లు చాలు.

చీటీలు

40 మంది ఉంటే ఇద్దరిద్దరిని కలిపి 20 జట్లు చేయండి. జట్టుకు ఒక్క ఫోన్ సరిపోతుంది. ఫోన్ లేనివాళ్లు, డేటా అయిపోయినవాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు, వాళ్లు విడిగా మిగిలిపోకూడదు. పది జట్లు రైతులు, పది జట్లు వ్యాపారులు. ఒక్కో రౌండులో ఒక్కో జట్టు ఒక్క కిలో మాత్రమే అమ్మాలి, లేదా కొనాలి.

రైతుల చీటీలో కిలోకు అయిన ఖర్చు రాయండి: 20, 24, 28 ఇలా నాలుగేసి రూపాయలు పెంచుతూ 56 దాకా. వ్యాపారుల చీటీలో వాళ్లు పెట్టగల గరిష్ఠ ధర రాయండి: 64, 60, 56 ఇలా తగ్గిస్తూ 28 దాకా. ఈ అంకెలు ఎవరికి వాళ్లకే తెలియాలి. వాట్సాప్‌లో పంపితే విడివిడిగా పంపండి, గ్రూపులో వేయకండి. సిగ్నల్ సరిగా లేని కాలేజీల్లో కాగితం చీటీలే మేలు.

ఫామ్

నాలుగే ప్రశ్నలు: రౌండు నంబరు, రైతు జట్టు నంబరు, వ్యాపారి జట్టు నంబరు, కుదిరిన ధర. ధర దగ్గర 1 నుంచి 100 వరకు అంకె మాత్రమే పడేలా వ్యాలిడేషన్ పెట్టండి. లేకపోతే ఒకరు 'రూ.42' అని, ఇంకొకరు అక్షరాల్లో రాస్తారు, చార్టు చెడిపోతుంది. ఒక్కరు ఒక్కసారే నింపాలనే సెట్టింగ్ పెట్టకండి. అది లాగిన్ అడుగుతుంది, రెండో రౌండులో నింపనివ్వదు. ఫామ్ రైతు జట్టు మాత్రమే నింపాలి. ఇద్దరూ నింపితే ఒకే బేరం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

ఫామ్‌ను షీట్‌కు కలిపి, ధర కాలమ్ మొత్తాన్ని సెలెక్ట్ చేసి లైన్ చార్ట్ పెట్టండి. నిండిన గడులు మాత్రమే సెలెక్ట్ చేస్తే కొత్త బేరాలు అందులో కనబడవు.

బేరం

ఒక్కో రౌండుకు ఐదు నిమిషాలు. అవే చీటీలతో మూడు రౌండ్లు. రైతులు, వ్యాపారులు గదిలో తిరుగుతూ ధరలు పైకే చెప్పాలి. కుదిరిన ప్రతి ధరా వెంటనే ప్రొజెక్టర్ మీద కనబడాలి.

ఆట నిలిచేదీ చెడేదీ ఇక్కడే. 1948లో హార్వర్డ్‌లో ఆర్థికవేత్త ఎడ్వర్డ్ చాంబర్లిన్ ఇలాంటి ప్రయోగమే ప్రచురించారు. అందులో బేరాలు విడివిడిగా సాగాయి, ధరలు సిద్ధాంతం చెప్పిన చోట కుదురుకోలేదు. తర్వాత ఇంకో ఆర్థికవేత్త వెర్నన్ స్మిత్ ధరలు అందరికీ వినబడేలా చేసి, రౌండ్లు మళ్లీ మళ్లీ నడిపి 1962లో ఫలితాలు ప్రచురించారు. ధరలు త్వరగా సమతౌల్యం, అంటే రెండు రేఖలూ కలిసే ధర, దగ్గరికి చేరాయి. ఈ దారిలో చేసిన కృషికే ఆయనకు 2002లో నోబెల్ వచ్చింది. మీ క్లాసులోనూ పిల్లలు మూలమూలల్లో గుసగుసగా బేరాలాడితే ధరలు చెల్లాచెదురుగానే ఉంటాయి.

ఇంకో చిక్కు. బేరం కుదిరితే చాలని కొందరు ఖర్చు కన్నా తక్కువకే అమ్మేస్తారు. లాభం (రైతుకు ధరలోంచి ఖర్చు, వ్యాపారికి చీటీలోని ధరలోంచి కొన్న ధర తీసేస్తే మిగిలేది) స్కోరులో కలిపినట్టే నష్టాన్ని కూడా అందులోంచి తీసేస్తామని ముందే చెప్పండి. ఖర్చు 56 పడ్డ జట్టు సరుకు అమ్ముడుపోక చిన్నబుచ్చుకుంటుంది. సప్లయి రేఖ పై కొస వాళ్ల చీటీయేనని వాళ్లకు చెప్పి తీరాలి.

గీతలు

మూడో రౌండు అయ్యాక చీటీలన్నీ షీట్‌లో ఎక్కించండి. ఖర్చులు చిన్న అంకె నుంచి పెద్దకు, వ్యాపారుల ధరలు పెద్ద అంకె నుంచి చిన్నకు సార్ట్ చేసి చార్టు వేస్తే ఆరు, ఏడు కిలోల మధ్య గీతలు కలుస్తాయి. ఆరో రైతు ఖర్చు 40, ఆరో వ్యాపారి ధర 44. అంటే 6 బేరాలు, ధర 40 నుంచి 44 మధ్య. మూడో రౌండు ధరలు దీని చుట్టూ చేరి ఉంటే పిల్లలకు పాఠం సగం వచ్చేసినట్టే. అందరి మిగులూ (రైతుల, వ్యాపారుల లాభాలు) కలిపితే గరిష్ఠంగా 144 రూపాయలు. ఒక్కో జత తేడాను వాళ్లచేతే కూడించండి.

రెండో పీరియడ్

ఎండాకాలం తెచ్చి పెట్టండి. వ్యాపారుల చీటీలన్నిటికీ 16 కలిపితే బేరాలు 8, ధర 48–52.

ఆ తర్వాత పాత చీటీలతోనే రైతు మీద కిలోకు 10 రూపాయల పన్ను వేయండి. ఆడించే ముందు మెంటిమీటర్‌లో (ఫోన్లలో ఓటు వేయించే సైట్) ఒక ప్రశ్న అడగండి: ఈ పన్ను భారం ఎవరిది? రైతుదే, కొనేవాడిదే, ఇద్దరిదీ. జవాబులు చీలితే పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోనిచ్చి మళ్లీ ఓటు వేయించండి. పన్నుతో బేరాలు 5కు తగ్గుతాయి. కొనేవాడు 46–48 ఇస్తాడు, రైతు చేతికి 36–38 వస్తుంది. నడిమి ధర 42 నుంచి చూస్తే ఇద్దరి మీదా చెరి 5 పడింది. పన్ను రాబడి 50, మిగులు 90, మొత్తం 140. పోయిన 4 రూపాయలు జరగకుండా పోయిన ఆరో బేరానివి. ఇలా ఎవరికీ దక్కకుండా పోయే డెడ్‌వెయిట్ లాస్‌ను ఇంతకన్నా తేలిగ్గా చూపించడం కష్టం.

టైముంటే పన్ను తీసేసి, 32కు మించి ఎవరూ అమ్మకూడదని గరిష్ఠ ధర పెట్టండి. అమ్మేవాళ్లు 4, కొనేవాళ్లు 9 అవుతారు. సరుకు దొరకని ఐదుగురి గొడవే కొరత పాఠం.

ఒంగోలు, టంగుటూరు వైపు కాలేజీలైతే పొగాకు వేలంతో పోల్చమనండి. అక్కడ ధర పాడేది కొనేవాళ్లు మాత్రమే, కాబట్టి ఆట నియమం మారుతుంది.

మార్కులు లాభానికి ఇవ్వకండి, అది చాలావరకు చీటీ అదృష్టం. వారం గడువు ఇచ్చి, మార్కెట్ యార్డుల ధరలు చూపే ప్రభుత్వ సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో నిమ్మ ధరలు ఏప్రిల్‌వీ ఆగస్టువీ తీసుకుని, తేడాకు ఏ రేఖ ఎటు జరిగిందో ఒక పేజీ రాయించి, దానికి మార్కులు వేయండి.