నది పైనుందా, పొలం పైనుందా? నైసర్గిక పటంతో దక్కన్ బతుకును చదివే పద్ధతి

నేల ఎత్తుపల్లాలు, నదులు చూపే నైసర్గిక పటం ముందు పెట్టుకోగానే చాలామంది నదుల పేర్లు, ఉపనదుల పేర్లు వల్లె వేస్తారు. దాంతో మార్కులు రావచ్చు గానీ, ఒకచోట మూడు కార్లు పచ్చగా ఉంటే నది పక్కనే ఉన్న మరోచోట జనం వలస ఎందుకు పోయారన్నది తేలదు. అది తేలాలంటే పటాన్ని ఒక వరసలో చదవాలి. ముందు వాలు, తర్వాత వాన, ఆ తర్వాత రాయి. నది ఆఖరున.

ఎత్తులను రంగుల్లో చూపే దక్షిణ భారత పటం, గ్రాఫ్ కాగితం, మీకు తెలిసిన ప్రాంతానికి సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటు (ఎత్తుపల్లాలు, వాగులు, ఊళ్లు వివరంగా చూపే పటం) ఉంటే చాలు. ఆ షీటులో 1 సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు. గోధుమరంగు గీతలు సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపేవి. నీలం నీళ్లు. నల్లగీతగా సాగే వాగు ఏడాదిలో చాలాకాలం ఎండి ఉండేది. దాన్ని బాట అనుకుని పొరబడేవాళ్లు ఎక్కువ.

వాలు. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంట రత్నగిరి నుంచి కాకినాడ దాకా గీత గీయండి. దూరం సుమారు 950 కిలోమీటర్లు. అడ్డంగా 1 సెం.మీ.కి 25 కి.మీ. వేసుకుంటే 38 సెం.మీ. వస్తుంది కాబట్టి రెండు కాగితాలు అతికించుకోండి. నిలువున 1 సెం.మీ.కి 100 మీటర్లు వేసి, గీత దాటే ప్రతి ఎత్తునూ చుక్క పెట్టి కలపండి. నిలువు కొలత 250 రెట్లు సాగిందని అంచున తప్పక రాయాలి. లేకపోతే పీఠభూమి అంతా కొండచరియలా భ్రమ కలుగుతుంది. నిజానికి త్ర్యంబకం దగ్గర దాదాపు 1,067 మీటర్ల ఎత్తున పుట్టిన గోదావరి 1,465 కి.మీ. నడుస్తుంది. సగటున కిలోమీటరుకు ముప్పావు మీటరు కూడా దిగదు. ఎడమన సహ్యాద్రి (పడమటి కనుమల) గోడ, అక్కడి నుంచి తూర్పుకు నెమ్మదిగా వాలు, ఇదీ మీ గ్రాఫులో కనిపించాల్సిన ఆకారం. అరేబియా సముద్రానికి 80 కి.మీ. దూరంలోనే పుట్టిన గోదావరి బంగాళాఖాతం దాకా రావడానికి కారణం ఈ వాలే.

వాన. అదే గ్రాఫు మీద పడమటి నుంచి బాణం గుర్తు వేయండి. గోడకు తగిలిన నైరుతి మేఘం మహాబలేశ్వరంలో ఏడాదికి 5,000 మి.మీ. పైగా కురుస్తుంది. గోడ దాటాక వర్షచ్ఛాయ, అంటే వాన తక్కువ పడే వెనుక పక్క. అనంతపురం దాకా వచ్చేసరికి 550 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది. అందుకే కృష్ణా ఆయకట్టు రైతు తన ఊరి మబ్బు కంటే ఆల్మట్టి, జూరాల ఇన్‌ఫ్లో మీద ఎక్కువ కన్నేస్తాడు. లెక్క గుర్తుంచుకోండి: 11,574 క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) ఒక రోజంతా పారితే 1 టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు). లక్ష క్యూసెక్కులైతే రోజుకు సుమారు 8.64 టీఎంసీలు.

రాయి. వాయవ్యాన లావా గట్టిపడిన బసాల్టు, దాని మీద నల్లరేగడి. అది తేమను పట్టి ఉంచుతుంది కనుక పత్తి, శనగ, యాసంగి జొన్న నిలుస్తాయి. తెలంగాణలో ఎక్కువ భాగం, రాయలసీమలో చాలా భాగం గ్రానైటు జాతి రాళ్లు. వాటి మీది చల్కా, దుబ్బ అనే ఇసుక పాలెక్కువైన నేలలు నీళ్లను నిలపవు. రాతిలో నీళ్లుండేది శిథిలమైన పై పొరలోనూ పగుళ్లలోనే. పగులు తగలకుండా వందల అడుగులు దింపిన బోరు ఎండే ఉంటుంది. కాకతీయులు చాలా చెరువులు కట్టించింది ఇలాంటి నేలల మీదే. టోపోషీటులో చెరువు కట్ట ఎటువైపుందో చూడండి, పల్లం అటే. గొలుసుకట్టులో పై చెరువు అలుగు నుంచి కింది చెరువుకు పోయే వాగును, గీత నల్లదైనా నీలిదైనా, వేలితో అనుసరించండి. ఆ వాగు మీద ఇళ్లు లేస్తే కింది చెరువు నిండదు, పెద్ద వానకు ఆ ఇళ్లే మునుగుతాయి.

నది. ఇక్కడ తొందరపడకండి. చాలామంది తప్పేది ఇక్కడే. నది ఎంత దగ్గరని కాదు, నీటిమట్టం పొలం కంటే పైనుందా, కిందుందా అని చూడాలి. కృష్ణ మీద పూర్తి నీటిమట్టాలు వరసగా రాయండి: జూరాల 1,045 అడుగులు, శ్రీశైలం 885, నాగార్జునసాగర్ 590, పులిచింతల 175, ప్రకాశం బ్యారేజీ 57. ఇప్పుడు వాటి పక్కన ఊళ్ల ఎత్తులు పెట్టండి. మహబూబ్‌నగర్ పట్టణం దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. జూరాల మట్టం 318 మీటర్లు. పాలమూరు దశాబ్దాల పాటు వలసల జిల్లాగా ఉండటంలో ఈ తేడాకు పెద్ద పాత్ర ఉంది. కాలువ తవ్వితే నీళ్లు ఎక్కవు, పంపులు కావాలి, కరెంటు కావాలి. అందుకే అక్కడివి నెట్టెంపాడు, కల్వకుర్తి వంటి ఎత్తిపోతల పథకాలు. ఇక్కడ ఒక జాగ్రత్త: అడుగులు, మీటర్లు కలగలిపితే లెక్క మూడింతలు తప్పుతుంది. అడుగులను 3.28తో భాగించి అన్నీ మీటర్లలోకి మార్చాకే పోల్చండి.

గోదావరి పాపికొండలు దాటి మైదానంలో పడగానే లెక్క తిరగబడుతుంది. డెల్టాలో నది తన ఒండ్రుతో గట్లు పెంచుకుని చుట్టూ ఉన్న పొలాల కంటే ఎత్తున పారుతుంది. అందుకే 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీళ్లు వాటంతటవే కాలువల్లోకి మళ్లాయి. అయితే పారించడం ఎంత తేలికో, మురుగు తీయడం అంత కష్టం. డెల్టా పటంలో సాగు కాలువలను ఒక రంగుతో, మురుగు కాలువలను మరో రంగుతో దిద్దండి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు ఉంది. అక్కడి నీళ్లు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. అది పూడితే, చేపల చెరువుల గట్లతో ఇరుకైతే, వరిచేలు రోజుల తరబడి మునిగే ఉంటాయి.

పద్ధతి పట్టుబడిందో లేదో చూసుకోవడానికి బీహార్‌లోని కోసీ నదిని తీసుకోండి. హిమాలయాల నుంచి తెచ్చే ఒండ్రుతో అడుగు పెరుగుతూ, రెండు శతాబ్దాల పైచిలుకు కాలంలో సుమారు 120 కి.మీ. పడమటికి జరిగింది. తర్వాత కరకట్టల మధ్య బిగించారు. ఒండ్రు కట్టల లోపలే పేరుకుంటుంది కనుక నదే పైకి లేస్తుంది. 2008 ఆగస్టులో నేపాల్‌లోని కుసహా దగ్గర కట్టకు గండి పడినప్పుడు నీళ్లు తూర్పున పాత పాయల పల్లంలోకి దూకాయి. పటంలో ఆ పాత పాయలను వెతికి గుర్తించండి. గండి నీళ్లు ఏ ఊళ్ల మీదుగా పోయాయో అవే చూపిస్తాయి.