కార్డినల్ బరోనియస్ జీవిత చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

శ్రీసభ, అంటే కాథలిక్ చర్చి, చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఆ చరిత్ర రాసిన కార్డినల్ (పోపుని ఎన్నుకునే పెద్దల్లో ఒకరు) సీజర్ బరోనియస్ దగ్గరికి రావాల్సిందే. ఆయన గురించి నాలుగు పేజీలు రాద్దామని కూర్చుంటే మనలో చాలామంది చేసే పని ఏంటంటే పదవులన్నీ వరసగా పేర్చేయడం, 1564లో గురుపట్టం, 1593లో ఒరేటరీకి (రోములో ఫిలిప్ నేరి పెట్టిన గురువుల సంఘం) పెద్ద, 1596లో కార్డినల్, 1597లో వాటికన్ లైబ్రరీ బాధ్యత, 1607లో మరణం, అంతే అయిపోయింది. నేనూ మొదట అలాగే రాశాను, తీరా చదువుకుంటే అందులో మనిషే కనపడలేదు.

అందుకని పదవులు కాసేపు పక్కన పెట్టేయండి. ఒక తెల్లకాగితం తీస్కొని మధ్యలో నిలువుగా గీత గీయండి, ఎడమవైపు ఆయన బతికిన సంవత్సరాలు, కుడివైపు ఆయన పుస్తకంలో ఏ సంవత్సరాల గురించి రాశారో ఆ సంవత్సరాలు. ఎందుకంటే ఆయన పెద్ద పుస్తకం "అన్నాలెస్ ఎక్లెసియాస్టిచి", అంటే శ్రీసభ చరిత్ర, సంవత్సరం వారీగా నడుస్తుంది, మొత్తం 12 సంపుటాలు, 1588లో మొదటిది అచ్చయింది, అది క్రీస్తు పుట్టుకతో మొదలవుతుంది, 1607లో వచ్చిన పన్నెండోది 1198 దగ్గర ఆగుతుంది. అంటే ప్రతి సంపుటానికీ రెండు తేదీలు ఉంటాయన్నమాట, ఎప్పుడు రాశారు, ఏ కాలం గురించి రాశారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆయన జీవితం అర్థమవుతుంది, ఎందుకో ముందు ముందు చెప్తా.

ఎడమ గడిలో మొదట 1538, ఆయన పుట్టిన సోరా ఊరు, ఇటలీలో. ఇక్కడ ఒక్క మాట తప్పకుండా రాసుకోండి, సోరా అప్పట్లో నేపుల్స్ రాజ్యంలో ఉండేది, ఆ రాజ్యం స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. ఇది తర్వాత అక్కరకొస్తుంది. తర్వాత లా చదువు, 1557లో రోముకి రావడం, అక్కడ పునీత ఫిలిప్ నేరి గారి దగ్గర చేరడం, ఇదంతా రెండు మూడు వాక్యాల్లో దాటేయొచ్చు.

కానీ వంటిల్లు దాటేయకండి. సాన్ జొవాన్ని దెయి ఫియొరెంతీని గుడి దగ్గర నేరి శిష్యులు కలిసి ఉండే రోజుల్లో వంట పని బరోనియస్ మీదే ఎక్కువ పడేదట, పొయ్యి మీది గోడ మీద లాటిన్ లో "సీజర్ బరోనియస్, శాశ్వత వంటవాడు" అని రాసి పెట్టారని చెబుతారు. దీన్ని సరదా ముచ్చటగా ఒక మూలన పడేస్తే నష్టం మీకే, ఎందుకంటే అదే కాలంలో నేరి గారు ఆయన్ని ఒరేటరీలో శ్రీసభ చరిత్ర మీద ప్రసంగాలు చెప్పమన్నారు, అయిపోగానే మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నారు, అలా దాదాపు 30 ఏళ్ళలో ఏడుసార్లు మొత్తం చరిత్ర చెప్పారంటారు. గరిటె పట్టుకున్న చేత్తోనే నోట్సు రాసుకున్న మనిషి ఆయన. ఈ పాతికా ముప్పై ఏళ్ళు కుడి గడిలో ఖాళీగా కనిపిస్తాయి, ఒక్క సంపుటం కూడా ఉండదు, మీరు మాత్రం ఆ ఖాళీకి కనీసం ఒక పేజీ ఇవ్వండి.

అసలు ఇంత పని ఎందుకు అనేదానికి జవాబు జర్మనీ వైపు ఉంది. మాత్తియాస్ ఫ్లాకియస్ నాయకత్వంలో లూథరన్ పండితులు 1559 నుంచి 1574 దాకా "మాగ్దెబుర్గ్ సెంచురీస్" అని 13 శతాబ్దాల చరిత్ర అచ్చు వేశారు, పోపుల శ్రీసభ మొదటి దారి తప్పిందని వాళ్ళ వాదన. దానికి కాథలిక్కుల జవాబే బరోనియస్ పుస్తకం. ఇది రాసేటప్పుడు ఒక పక్షాన్ని తిట్టి ఇంకో పక్షాన్ని పొగడాల్సిన పని లేదు, ఇద్దరూ పాత పత్రాల దగ్గరికే పోవాల్సి వచ్చిందని చెప్తే సరిపోతుంది, నా దృష్టిలో చరిత్రకి జరిగిన మేలు అక్కడే ఉంది.

ఇప్పుడు రెండు గడులూ కలిపి చదవండి. ఎడమ 1602, కుడి 900: పదో సంపుటం. అప్పటికి ఆయన కార్డినల్, పోపు 8వ క్లెమెంటు గారి పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) వినే గురువుగా ఉన్నవారు, అయినా పదో శతాబ్దంలో పోపు పీఠం ఎంత దిగజారిందో దాచిపెట్టలేదు. ఆ శతాబ్దాన్ని మంచి మొలవని కరకుదనం వల్ల ఇనుప యుగం అన్నారు, పొంగిపొర్లిన చెడు వల్ల సీసపు యుగం అన్నారు, రాసేవాళ్ళు కరువైనందువల్ల చీకటి యుగం అన్నారు. చూడండి, చీకటి అన్నది పాపం గురించి కాదు, రాతలు దొరక్కపోవడం గురించి. చాలామంది ఇక్కడే పొరబడతారు కాబట్టి మీ వ్యాసంలో ఈ తేడా స్పష్టంగా రాయండి.

ఇక ఎడమ 1605, కుడి 1098. పదకొండో సంపుటం. రెండవ అర్బన్ పోపు 1098లో సిసిలీ కౌంటు రోజర్ కి ఇచ్చారని చెప్పే అధికార పత్రం ఆధారంగా స్పెయిన్ రాజులు సిసిలీలో శ్రీసభ మీద పెత్తనం చేస్తుండేవాళ్ళు, బరోనియస్ ఆ హక్కు చెల్లదని ఈ సంపుటంలో వాదించారు. అదే ఏడాది రోములో రెండు కాన్క్లేవులు, అంటే పోపుని ఎన్నుకునే కార్డినళ్ళ సభలు, జరిగాయి, మొదటిదాంట్లో ఎన్నికైన 11వ లియో నెల తిరక్కుండానే చనిపోతే రెండోదాంట్లో 5వ పౌలు వచ్చారు, రెండింట్లోనూ బరోనియస్ పేరు గట్టిగా వినపడింది, స్పెయిన్ అడ్డం పడింది. పుట్టుకతో స్పెయిన్ రాజుకి ప్రజ అయిన మనిషి ఐదువందల ఏళ్ళ నాటి ఒక పత్రం మీద పేజీలు రాసి పోపు పదవికి దూరమయ్యారు, సోరా సంగతి ముందే రాసుకోమన్నది ఇందుకే. పదవుల లిస్టులో ఈ కథ ఎక్కడా ఇమడదు, ఎందుకంటే ఇది రాని పదవి.

తప్పులు కూడా రాయండి, అవి రాయకపోతే ఆయనకి న్యాయం చేసినట్టు కాదు. ఆయనకి గ్రీకు సరిగా రాదు, ఇసాక్ కాసబోన్ 1614లో ఏకంగా ఒక పుస్తకమే రాసి ఆ లోపాలు చూపించారు, తేదీల్లో పొరపాట్లని తర్వాత ఫ్రాన్సిస్కన్ గురువు ఆంత్వాన్ పాజి నాలుగు సంపుటాల్లో దిద్దారు. నాకు బాగా తగిలింది మాత్రం రాతి మీది తప్పు. కార్డినల్ గా ఆయనకిచ్చిన గుడి రోములోని సాంతి నెరెయో ఎద్ అకిల్లెయో, పాడుబడి ఉంటే బాగు చేయించారు, 1597లో ఆ గుడి పేరులోని నెరెయో, అకిల్లెయో అనే వేదసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ళ) అవశేషాల్ని పాత రోమన్ విజయ తోరణాల మీదుగా ఊరేగించి తెచ్చారు. పోపు మహా గ్రెగరీ ఒక ప్రసంగం ఈ గుడిలోనే చేశారని నమ్మి అందులోని మాటలు అక్కడి బిషపు కూర్చునే ఆసనం మీద చెక్కించారు, తీరా చూస్తే ఆ ప్రసంగం జరిగింది ఊరి బయట దొమితిల్లా భూగర్భ సమాధుల దగ్గరున్న ఇంకో గుడిలో, అది 19వ శతాబ్దంలో తవ్వకాల్లో బయటపడింది. అదే గుడిలో తన తర్వాత వచ్చే కార్డినల్ ఎవరైనా సరే దేన్నీ తీసేయొద్దు, తగ్గించొద్దు, మార్చొద్దు అని వేడుకుంటూ శాసనం కూడా పెట్టించారు. ఈ రెండు రాతలూ మీ వ్యాసంలో ఒకే పేరాలో పక్కపక్కన ఉండాలి.

చివరి వరస 1607. జూన్ 30న చనిపోయారు, వల్లిచెల్లా గుడిలో, అదే ఒరేటరీ వాళ్ళ గుడిలో సమాధి. అక్కడ ఎడమ గడి ఆగిపోతుంది. కుడి గడిని మాత్రం మూసేయకండి, 1198 కింద ఒడోరికో రినాల్డి అని రాయండి, ఆయనా ఒరేటరీ గురువే, బరోనియస్ ఆపిన ఏడాది నుంచే అందుకుని 1565 దాకా రాసుకుంటూ పోయారు.